పరంధామం గారి చెవితమ్మెలు

కబడ్డీ వ్యాఖ్యాత తాడిశెట్టి పరంధామానికి కోపం వస్తే చూడ్డానికి జనం పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చి టీవీ ముందు కూర్చునేవాళ్ళు. అతిశయోక్తి అనుకునేరు, కాదు. ఒకసారి రెఫరీ బోనస్ పాయింటు ఇవ్వకపోతే హెడ్‌ఫోన్లు పీకి కిటికీలోంచి కోర్టులోకి విసిరాడు. ఇంకోసారి "ఉండండి, గీత ఎక్కడుందో నేనే వచ్చి చూపిస్తా" అని మైకుతో సహా మెట్లు దిగాడు. మైకు తీగ రెండో మెట్టు దగ్గరే అయిపోయింది గానీ ఆయన ఆగలేదు. మరోసారి ప్రత్యక్ష ప్రసారంలో చెప్పు తీశాడు. ఎవర్నో కొట్టడానికి కాదు మహాప్రభో, గీత ఇవతల కాలు ఎలా పడిందో బల్ల మీద పెట్టి చూపించడానికి. అయితే ఏం లాభం? చెప్పు తీసిన ముక్క ఒక్కటే రాష్ట్రంలో ఉన్న ఫోన్లన్నీ తిరిగొచ్చింది.

అలాగని ఒట్టి కోపిష్టి అనుకోవడానికి వీల్లేదు. ఆట చూడ్డంలో ఆయనకి సాటి లేరు. చూడ్డం కంటే వినడంలో ఇంకా ఘనుడు. కోర్టు అంచున పెట్టిన మైకు శబ్దం ఆయన హెడ్‌ఫోన్లలోకి వచ్చేది. అందులో రైడరు కూత వింటూ, ఆ గుండెలో ఇంకెంత ఊపిరి మిగిలిందో చెప్పేసేవాడు. "ఐదు అంకెలు లెక్కపెట్టండి, కూత పడిపోతుంది" అనేవాడు. నాలుగు లెక్కపెట్టేసరికి పడిపోయేది. ఆటలో అన్యాయం జరిగితే మాత్రం ముందు ఆయన చెవితమ్మెలు రెండూ దొండపళ్ళలా ఎర్రబడేవి, తర్వాత గొంతు లేచేది. ఈ సంగతి కనిపెట్టిన ఢంకా ఛానల్ వాళ్ళు ఆయన చెవుల కోసమే ఒక కెమెరా కేటాయించారు.

అంతా బాగానే సాగుతుండగా ఒక శనివారం ఓ ఘోరం జరిగింది. ఆ రోజు రెఫరీ ఒక్క పొరపాటు కూడా చెయ్యలేదు. పరంధామానికి కోపం రాలేదు. "చక్కటి ఆట, చక్కటి తీర్పు" అని రెండు చేతులూ జోడించి ఇంటికెళ్ళిపోయాడు.

ఒక విశ్రాంత లెక్కల మాస్టారు అది భరించలేకపోయాడు. పరంధామం గారి ఆవేశం చూద్దామని బంధువుల్ని పిలిచి, మిరపకాయ బజ్జీలు వేయించి, కూలరు తిప్పుకుని కూర్చుంటే ఆవేశం సరఫరా చెయ్యలేదనీ, ఇది వినియోగదారుణ్ణి నిలువునా ముంచడమేననీ పిటిషన్ వేశాడు. నవ్వి అవతల పారేస్తారనుకున్నారు అందరూ. పారెయ్యలేదు. ఆరు నెలలు తిరక్కుండా "ప్రసార ప్రతిష్ఠల ప్రామాణీకరణ సంస్థ" అని ఒక సంస్థ పుట్టింది. దానికి ఒక భవనం, భవనానికి ఒక లిఫ్టు, లిఫ్టులో "పని చేయడం లేదు" అనే బోర్డు కూడా వచ్చేశాయి.

పరంధామం నాలుగంతస్తులు ఎక్కి, రొప్పుతూ, చైర్మన్ డాక్టర్ విశ్వపతి ముందు కూర్చున్నాడు. విశ్వపతి గారు మాట్లాడితే కాగితం చదువుతున్నట్టే ఉంటుంది, చేతిలో కాగితం లేకపోయినా.

"పరంధామం గారూ, ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ప్రతిష్ఠ అనునది ఒక సరుకు. మీరు దానికి పొట్లం. పొట్లం మీద ఏమి రాసి ఉన్నదో లోపల అదే ఉండవలెను. బిస్కెట్ల పొట్లంలో బిస్కెట్లు లేకపోతే మీరు ఊరుకుంటారా?"

"ఊరుకోనండి."

"అదే విధముగా వీక్షకుడును ఊరుకోడు. గత మూడేళ్ళ మీ ఆటలను పరిశీలించి, ఆటకు సగటున ఆరు పాయింటు ఎనిమిది ఆవేశములుగా నిర్ధారించడమైనది. దానిని ఏడుకు సవరించడమైనది. ఒకటి అటూ ఇటూ మినహాయింపు."

"అంటే ఏంటండీ?"

"ఆరింటికి తగ్గితే మోసం. ఎనిమిదికి మించితే అధిక సరఫరా, తోటి వ్యాఖ్యాతల గిరాకీ దెబ్బతింటుంది. తొమ్మిదో ఆవేశముతో మీ లేబులు రద్దు. లేబులు లేని వ్యాఖ్యాత తెరపై కనబడరాదు."

"అయ్యా, అన్యాయం జరిగితే కోపం వస్తుంది గానీ, ఏడుసార్లు అన్యాయం జరుగుతుందని నేనెలా చెప్పనండీ?"

విశ్వపతి గారు జాలిగా చూశారు. "అది ఉత్పత్తిదారుని అంతర్గత వ్యవహారము" అని గంట నొక్కారు.

గంటకి లోపలికొచ్చినవాడి పేరు నిడమర్తి జగ్గారావు. సన్నగా, భయంభయంగా ఉంటాడు. ఈ సంస్థలోకి రాకముందు ఇరవై రెండేళ్ళు సంతల్లో తక్కెడలకీ, కిరసనాయిలు కొలపాత్రలకీ ముద్రలు వేసిన మనిషి. కోపం గురించి తెలిసిన అధికారి ప్రభుత్వంలో ఎవరూ దొరక్క, కొలతలు తెలిసినవాణ్ణి పంపించారు. ఆయన దగ్గర చిన్న తోలుపెట్టె, అందులో ఊదారంగు సిరా, రెండు రబ్బరు ముద్రలు. ఒకదాని మీద "అసలు", రెండోదాని మీద "కల్తీ".

"ఎలా తేలుస్తారండీ ఏది అసలో ఏది కల్తీయో?" అని అడిగాడు పరంధామం.

"చెవితమ్మెలండీ. ఎర్రబడితే అసలు. గొంతు మాత్రమే లేస్తే కల్తీ" అన్నాడు జగ్గారావు, ఎంతో వినయంగా. "నాకు మీరంటే చాలా ఇష్టమండీ. ఏమీ అనుకోకండి."

ఇక మొదలైంది చూడండి తమాషా. లేబులు తగిలించుకున్న మొదటి ఆటలో పరంధామం మొహం కింద తెర మీద పొట్లం మీద లాగే అచ్చుపడింది: "తా. పరంధామం. నికర ఆవేశం: 7." పక్కన తయారీ తేదీ కూడా వేశారు, అంటే ఆయన పుట్టినరోజు. ఆ ఆటలో మూడుసార్లు నిజంగానే కోపం వచ్చింది. తర్వాత ఎంతసేపు చూసినా రెఫరీ తప్పు చెయ్యడే! ఆట అయిపోతోంది. ఏం చేస్తాడు పాపం, బల్ల గుద్ది "ఛీ ఛీ! ఈ వెలుతురేంటి! ఈ ఫ్యానేంటి!" అని నాలుగుసార్లు అరిచాడు. జగ్గారావు కళ్ళజోడు సవరించుకుని, ఆయన చెవుల దాకా వంగి చూసి, నాలుగు సార్లూ పుస్తకంలో "కల్తీ" అని ముద్ర కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ "క్షమించాలి" అన్నాడు.

మర్నాడు పేపర్లో "పరంధామం ఆవేశంలో యాభై ఏడు శాతం కల్తీ" అని వచ్చింది. పాతికేళ్ళుగా పరంధామానికి కోపిష్టి అనే పేరుంది, తిక్క మనిషి అనే పేరుంది, మోసగాడు అనే పేరు మాత్రం లేదు. ఆ పేపరు పట్టుకుని పెరట్లో కూర్చున్న మనిషి మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు.

ఆయనొక్కడి బాధే కాదు. క్రికెట్లో తియ్యతియ్యగా మాట్లాడే ఇంకో వ్యాఖ్యాతకి "ఉపమానాలు: 22" అని లేబులిచ్చారు. ఆయన పదమూడు వాడి మర్చిపోయి, చివరి బంతికి మిగిలిన తొమ్మిదీ ఒక్క గుక్కలో చెప్పబోయి ఊపిరందక కుర్చీలోంచి జారాడు. బంతి చెరువుగట్టులా, పెళ్ళిపందిరిలా, మేనత్తలా వెళ్ళిందని విన్నవాళ్ళకి సిక్సరో అవుటో ఈనాటికీ తెలీదు. వాతావరణం చెప్పే ఆవిడకి "చిరునవ్వులు: 40" అని ఇచ్చారు. ఆవిడ తుపాను హెచ్చరిక నలభైసార్లు నవ్వుతూ చదివి బెస్తపాలెం జనంతో తిట్లు తింది.

కల్తీ మాట సంస్థకీ తలనొప్పయింది. విశ్వపతి గారు సమావేశం పెట్టి తేల్చారు: "కల్తీకి మూలకారణము ముడిసరుకు కొరత. వ్యాఖ్యాతకు తగినంత చిరాకు అందుబాటులో ఉంచవలెను." వెంటనే పదకొండో నంబరు ఉత్తర్వు బయల్దేరి, పరంధామం ఇంటికి, ఆయన భార్య తిలోత్తమ పేరు మీద వచ్చింది.

తిలోత్తమ చదువుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "ఏవండోయ్, మిమ్మల్ని రోజుకి నాలుగుసార్లు విసిగించమని ప్రభుత్వం వారు ఉత్తరం రాశారు. ముప్పయ్యేళ్ళ నుంచీ చేస్తున్న పని, ఇవాళ్టికి గుర్తింపొచ్చింది."

"నవ్వకే తిలోత్తమా, నా పరువు పోతోంది."

"పోతే పోయింది గానీ ఉప్మా తినండి. ఉప్పు వెయ్యలేదు, ఉత్తర్వు ప్రకారం."

పర్యవేక్షణకి వచ్చిన జగ్గారావు కూడా అదే ఉప్మా తిన్నాడు. తిలోత్తమ కళ్ళజోడు దాచింది. నీళ్ళ గోలెం బోర్లించింది. పక్కింటివాళ్ళని పిలిచి, వాళ్ళబ్బాయి చేత సన్నాయి సాధన చేయించింది. వారం గడిచేసరికి పరంధామం దేనికీ చలించడం మానేశాడు. "సన్నాయి బాగుందమ్మా" అన్నాడు. ఆ మాటతో సంస్థ మొత్తం గడగడలాడింది. విశ్వపతి గారు తన గదిలో అటూ ఇటూ తిరిగి, "ఈయన చిరాకుతో కోపగించే రకము కాదు. అన్యాయమే కావలెను. అన్యాయము ఎక్కడ దొరకును?" అని ఆలోచించి, ఆలోచించి, చివరికి టీవీ వైపు చూశారట.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాగులవరం అమ్మాయిలు రాష్ట్ర కబడ్డీ ఫైనల్‌కొచ్చారు.

నాగులవరం పరంధామం సొంతూరు. పొగాకు ఆరబెట్టే బేరన్ల మధ్యన ఓ చిన్న ఊరు. ఆ జట్టుకి కోచ్ ఆయన చిన్ననాటి జోడీ ఏసుదాసు. ఇద్దరూ ఒకే నిక్కరేసుకుని ఆడారని ఊళ్ళో అంటారు, అంటే ఒకరు ఆడి వచ్చాక రెండోవాడు వేసుకునేవాడన్నమాట. ఆ ఊరు ఫైనల్ మొహం చూడ్డం ఇదే మొదలు. ఆ ఆటకి మైకు పట్టుకోవాలని పరంధామం ఎంత తహతహలాడాడంటే, రెండ్రోజులు నిద్రలో కూడా కూత పెట్టాడు.

ఏసుదాసు ఫోన్ చేశాడు. "ఒరేయ్ పరందాం, మా పిల్ల కనకమాలచ్చి ఉంది చూశావూ, దాని కూత నువ్వు వినాలిరా. రెండు ఊపిరితిత్తులు కాదు, నాలుగున్నాయి దానికి. నువ్వు మైకులో దాని పేరు చెప్పాలి. ఊరు ఊరంతా బడిలో తెర కట్టుకుని కూర్చుంటోంది."

"చెప్తానురా. గొంతు చించుకు చెప్తాను" అన్నాడు పరంధామం, కళ్ళు తుడుచుకుంటూ.

ఫైనల్ రోజు పొద్దున్న వ్యాఖ్యాతల గదిలో జగ్గారావు తోలుపెట్టె తెరవకుండా కూర్చున్నాడు. మనిషి మొహంలో రక్తపు చుక్క లేదు.

"ఏంటండీ జగ్గారావు గారూ, ఒంట్లో బాలేదా?"

జగ్గారావు అటూ ఇటూ చూసి, జేబులోంచి పద్నాలుగో నంబరు ఉత్తర్వు తీసి చేతిలో పెట్టాడు. పరంధామం చదివాడు. మళ్ళీ చదివాడు. ఇవాళ్టి ఆటలో రెఫరీలు ఏడు తప్పుడు తీర్పులు ఇవ్వాలి. ఏయే నిమిషంలో ఇవ్వాలో చీటీల మీద రాసి వాళ్ళ బల్ల మీద పెట్టారు. ఏడూ నాగులవరం మీదే. ఎందుకంటే, ఉత్తర్వులోనే రాశారు, "సదరు వ్యాఖ్యాత యొక్క చెవితమ్మెలు స్వగ్రామమునకు జరుగు అన్యాయమునకే ఉత్తమముగా ఎర్రబడునని పరిశోధనలో తేలినందున."

"నా కోపం కోసం ఆ పిల్లల్ని ఓడిస్తారా?"

"మీ నాణ్యత కోసమండీ" అన్నాడు జగ్గారావు, ఏడుపు గొంతుతో.

"నేను వెళ్ళిపోతాను. మైకు పట్టుకోను."

"మీరు లేకపోయినా చీటీలుంటాయండీ. సరఫరా ఉత్తర్వు ఒకసారి బయల్దేరాక ఆగదు. మీ ముద్రలు పడితేనే చీటీలు పోతాయి. ఒక్కో 'అసలు' ముద్రకీ నేను ఫోన్ చేస్తాను, వాళ్ళు ఒక్కో చీటీ చించేస్తారు."

పరంధామం ఆ మాట దగ్గర ఆగిపోయాడు. "అయితే, ఏడు ముద్రలూ మొదటి కూతకి ముందే పడిపోతే?"

జగ్గారావు నిబంధనల పుస్తకం తీసి, వేలు తడుపుకుంటూ వెతికాడు. మొహం మెల్లగా విప్పారింది. "ప్రసారం మొదలైన క్షణం నుంచీ లెక్కేనండీ. అవసరానికి మించి ముడిసరుకు నిల్వ ఉంచడం నేరం కూడానండీ!"

ప్రసారం మొదలైంది. కోర్టులో రెండు జట్లూ నిలబడ్డాయి. ఇటు నాగులవరం, అటు రాజధాని జట్టు. రెఫరీ నాణెం బొటనవేలి మీద పెట్టాడు. పరంధామం మైకు దగ్గరికి లాక్కుని, "ప్రేక్షక మహాశయులకు నమస్కారం. నాణెం ఎగిరేలోపు మీకో ఉత్తర్వు చదివి వినిపిస్తాను" అన్నాడు.

మొదటి వాక్యం "ప్రేక్షకుల సంక్షేమము దృష్ట్యా" అని ఉంది. "ప్రేక్షకుల సంక్షేమమా! పదిహేడేళ్ళ పిల్లల నోట్లో మట్టి కొట్టడం మీ సంక్షేమమా!" అని లేచాడు. చెవితమ్మెలు భగ్గుమన్నాయి. జగ్గారావు ముద్ర కొట్టాడు, ఫోన్ చేశాడు. రెండో వాక్యంలో అన్యాయాన్ని "ముడిసరుకు" అన్నారు. ముద్ర. మూడో వాక్యంలో నాగులవరాన్ని "వనరు" అన్నారు. "మా ఊరు నీకు ఇసుక రేవులా కనబడిందిట్రా!" ముద్ర. ఓడిన అమ్మాయిలకి "సహకార ప్రశంసాపత్రం" ఇస్తామన్న దగ్గరైతే కుర్చీ గాల్లోకి లేచింది. జగ్గారావు వంగి, తప్పించుకుని, వంగినవాడు వంగినట్టే ముద్ర కొట్టాడు. ఉత్తర్వు కింద సంతకం పక్కన "సత్యమేవ" అని ఏదో రాసి ఉండడం చూసేసరికి ఏడోదీ అయిపోయింది. నాణెం ఇంకా గాల్లోనే ఉందని తర్వాత చాలామంది చెప్పారు. అది కొంచెం ఎక్కువే గానీ, కోర్టు పక్క బల్ల మీద ఏడో చీటీ చినిగిపోవడం మాత్రం నిజం. పరంధామం కుర్చీ నిలబెట్టుకుని, మంచినీళ్ళు తాగి, "ఇప్పుడు ఆట చూద్దాం" అన్నాడు. ఆ గొంతులో వెన్న కరుగుతోంది.

ఇక ఆ ఆట ఏమని చెప్పను! కనకమాలచ్చి కూతకెళ్తే రాజధాని పిల్లలు గోడకి అతుక్కుపోయారు. సన్నగా, పొడుగ్గా, మోకాలికి పసుపుబట్ట కట్టుకుని ఆ పిల్ల గీత దాటి వెళ్తుంటే హెడ్‌ఫోన్లలో దాని కూత నీళ్ళ మోటారులా ఎడతెగకుండా వినిపించింది. పరంధామం హాయిగా, కమ్మగా చెప్తూ పోయాడు. ఢంకా ఛానల్ వాళ్ళకి ఏం చెయ్యాలో పాలుపోక, చెవుల కెమెరాని ఊరికే అలా పెట్టి ఉంచారు.

రెండో సగం మధ్యలో తలుపు తెరుచుకుంది. శాలువా, పూలదండ, ఫోటోగ్రాఫరు, వెనక విశ్వపతి గారు.

"ఆటకు ముందే వంద శాతం సరఫరా! సంస్థ చరిత్రలో ఇది ప్రథమము" అంటూ ఆయన వచ్చి సరిగ్గా కిటికీకి అడ్డంగా నిలబడ్డారు. అవతల మాలచ్చిని ముగ్గురు పట్టేశారు. జనం హోరెత్తిపోతున్నారు.

"తప్పుకోండి సార్."

"ఈ శుభసందర్భమున రెండు మాటలు..."

"తప్పుకోండి!"

"ప్రతిష్ఠ అనునది ఒక సరుకు..."

"తప్పుకోవయ్యా మగడా! అవతల పిల్ల ప్రాణాలు ఉగ్గబట్టుకుని పాకుతుంటే నీ శాలువా ఏమిటి!" అని పరంధామం దండ లాగి కిటికీలోంచి విసిరేశాడు. అది వెళ్ళి రాజధాని కోచ్ మెడలో పడింది.

జగ్గారావు చెవులు చూసి, నిట్టూర్చి, ఎనిమిదో ముద్ర కొట్టాడు. "పరంధామం గారూ," అని గుసగుసలాడాడు, "మినహాయింపు కూడా అయిపోయిందండీ. ఇంకొక్కటి వచ్చిందంటే మీరుండరు. దణ్ణం పెడతాను, నవ్వుతూ ఉండండి."

పరంధామం తలూపాడు. నవ్వుతూనే ఉన్నాడు. స్కోరు ఇరవయ్యారు, ఇరవయ్యారు. ఆఖరి కూత. మాలచ్చి వెళ్ళింది.

వెళ్ళి, మూలనున్న అమ్మాయి భుజాన్ని చేత్తో తాకి, వెనక్కి తిరిగింది. అంతే, కాలు దొరికిపోయింది. మీద నలుగురు పడ్డారు. ఆ పిల్ల మోకాళ్ళ మీద, మోచేతుల మీద, కడుపు మీద పాకుతోంది. మధ్య గీత మూరెడు దూరంలో ఉంది. స్టేడియం పైకప్పు లేచిపోయేలా అరుపులు. ఆ అరుపుల్లో రెఫరీకి ఏమీ వినపడ్డం లేదు, పక్కనున్న ఆటగత్తెలకీ వినపడ్డం లేదు. పరంధామానికి ఒక్కడికే హెడ్‌ఫోన్లున్నాయి. ఆ హెడ్‌ఫోన్లలో కూత సన్నబడింది. దారమంత అయింది. తెగిపోయింది.

ఒక ఊపిరి, ఒట్టి ఊపిరి. ఆ తర్వాత మాలచ్చి వేళ్ళు గీతని తాకాయి.

రెఫరీ చెయ్యెత్తాడు. నాగులవరానికి పాయింటు. అమ్మాయిలు మాలచ్చిని భుజాల మీదికి ఎత్తేశారు. ఏసుదాసు నేల మీద బోర్లా పడి కోర్టుని ముద్దు పెట్టుకుంటున్నాడు.

పరంధామం నోరు గట్టిగా మూసుకున్నాడు. మూసుకుని, తనలో తాను ఎన్నో చెప్పుకున్నాడు. ఎవరికీ తెలీదు. తెర కట్టుకున్న ఊరు ఎగురుతూ ఉంటుంది. ఒరే పరంధామా, నీ ఊరురా. నీ ఏసుదాసురా. కాసేపు చెవిటివాడివైపోతే నీ సొమ్మేం పోయింది? అయితే ఆ చెప్పుకునేదంతా ఒకవైపు, చెవితమ్మెలు ఒకవైపు. అవి ఆయన మాట ఏనాడు విన్నాయి గనక! మెల్లగా వేడెక్కాయి.

జగ్గారావు చూశాడు. వెంటనే రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. "నేను చూళ్ళేదండీ! నాకేమీ కనపళ్ళేదు!"

"కూత ఆగింది!" అని పరంధామం అరిచాడు. గొంతు చీలిపోయింది. "ఏం రెఫరీవయ్యా నువ్వు! గీత తాకకముందే కూత ఆగింది! ఆ పాయింటు మా పిల్లలది కాదు, రాజధాని పిల్లలది! కోర్టు మైకు రికార్డింగు పెట్టి వినండి! వినకుండా ఆ కప్పు ఎవరికైనా ఇచ్చారో, నేను దిగొస్తాను!"

విన్నారు. స్టేడియం మొత్తం నిశ్శబ్దంగా కూర్చుని స్పీకర్లలో విన్నది. కూత, కూత, సన్నటి కూత, ఒట్టి ఊపిరి. ఇరవయ్యారు, ఇరవయ్యేడు. రాజధాని గెలిచింది.

జగ్గారావు కళ్ళు మూసుకుని ఏం ప్రయోజనం? చెవుల కెమెరా రాష్ట్రం మొత్తానికీ చూపించేసింది. పావుగంటలో కాగితం వచ్చింది: "తొమ్మిదవ ఆవేశము నమోదైనందున సదరు లేబులు తక్షణమే రద్దు. సదరు వ్యాఖ్యాత ఇకమీదట ఏ తెరపైనను కనబడరాదు."

పరంధామం ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. లేబులు పోయినందుకు కాదు ఆయన బాధ. కిందికి దిగితే ఏసుదాసు ఉంటాడు. ఏ మొహం పెట్టుకుని దిగాలి?

అడుగుల చప్పుడైంది. కనకమాలచ్చి కుంటుకుంటూ మెట్లెక్కి వచ్చింది, వెనక ఏసుదాసు. ఆ పిల్ల ఆయన పక్కనే కూలబడింది.

"కూత ఆగింది బాబాయ్. నాకు తెలుసు. చెయ్యెత్తి చెప్దామనుకునేలోపు మావాళ్ళు నన్ను ఎత్తేశారు. పైకి వెళ్ళాక ఇంక నోరు పెగల్లేదు." మోకాలి పసుపుబట్ట విప్పి మళ్ళీ కట్టుకుంది. "మీరు అరిచారు కాబట్టి బతికిపోయాను. లేకపోతే ఆ కప్పు మొహం రోజూ ఎలా చూసేదాన్ని?"

ఏసుదాసు పెదాల మీది మట్టి తుడుచుకున్నాడు. "చండాలుడా," అన్నాడు, "ఓ అర నిమిషం ముందే అరవొచ్చుగా. కోర్టుని ముద్దెట్టుకుని నోరంతా మట్టి చేసుకున్నాను" అని ఆయన్ని కౌగలించుకుని ఏడ్చేశాడు. పరంధామమూ ఏడ్చాడు, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

ఆ దసరాకి నాగులవరం హైస్కూలు మైదానంలో కబడ్డీ పోటీలు పెట్టారు. కెమెరాలు లేవు, తెర లేదు. తాటాకు పందిరి, ఒక బల్ల, దాని మీద మైకు, మైకు వెనక పరంధామం. మైకు తీగ మాత్రం కోర్టు చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చేంత పొడుగున్నది తెప్పించాడు ఏసుదాసు, ముందుజాగ్రత్తగా. జగ్గారావు బస్సు దిగి, తోలుపెట్టెతో వచ్చాడు. లేబులు లేకుండా ఆవేశం పంచుతున్నారని ఫిర్యాదు అందిందట.

"మళ్ళీ ఎవరండీ?" అన్నాడు పరంధామం.

"ఆ లెక్కల మాస్టారేనండీ. మీరు టీవీలో లేకపోయేసరికి బజ్జీలు సహించడం లేదట." జగ్గారావు బెంచీ మీద కూర్చుని నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పాడు. తర్వాత తలెత్తి, ఎన్నాళ్ళకో నవ్వాడు. "పొట్లం కట్టిన సరుక్కే లేబులండీ. ఎదురుగా నిలబెట్టి, కళ్ళముందు విడిగా పోసి ఇచ్చేదానికి అక్కర్లేదు. మీరిప్పుడు విడి సరుకు."

"అయితే వెళ్ళిపోతారా?"

"బస్సు సాయంత్రానికండీ. కాసేపు చూస్తాను."

కూర్చుని చూశాడు. ఎక్కణ్ణించో వచ్చిన రెండు జట్లు, పేర్లు కూడా సరిగా వినలేదాయన. ఆటెలా ఆడతారో పెద్దగా తెలీదు. ఇన్నాళ్ళూ ఆయన కబడ్డీకి వెళ్ళి చెవులే చూశాడు మరి. పావుగంట గడిచింది. ఓ బక్కపిల్ల గీత దాటి, అవతలివాళ్ళని తాకి, సుబ్బరంగా వెనక్కొచ్చింది. రెఫరీ ఇంకెటో చూస్తూ "అవుట్" అన్నాడు.

పరంధామం నోరు తెరిచేలోపు పందిరి అదిరిపోయేలా ఓ కేక వినపడింది. "కళ్ళున్నాయా లేవా నీకు! ఆ పిల్ల వచ్చేసింది కదయ్యా!"

జనం అంతా వెనక్కి తిరిగి చూశారు. బెంచీ ఎక్కి నిలబడి ఊగిపోతున్నవాడు జగ్గారావు. ఎవరు అరిచారా అని ఆయన కూడా ఓసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. వెనక ఎవరూ లేరు. అప్పుడు చెయ్యెత్తి తన చెవితమ్మె తడిమి చూసుకున్నాడు. రెండోదీ తడిమాడు. కాలిపోతున్నాయి. మెల్లగా బెంచీ దిగి, తోలుపెట్టె తెరిచి, ముద్ర సిరాలో అద్ది, ఎడం అరచెయ్యి చాపి "అసలు" అని కొట్టుకున్నాడు.